కుక్కతో ప్రశాంతమైన సముద్రతీరంలో రెండు రోజులు: బయల్దేరే ముందు నుంచి ఇల్లు చేరేదాకా

రెండు రోజుల సెలవు, ఇంట్లో ఒక కుక్క, కొన్ని గంటల దూరంలో రద్దీ లేని సముద్రతీర పట్టణం. ఈ మూడూ కలిసొస్తే అంతకు మించిన విశ్రాంతి నాకు తెలిసి లేదు. కానీ చాలామంది మామూలు టూర్ ప్లానే వేసుకుని అందులో కుక్కను కూడా ఇరికిస్తారు. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం ఇంకో చోటు, సాయంత్రం బజారు, రాత్రి జనం కిక్కిరిసిన హోటల్. కుక్క ఎండకు రొప్పుతూ, కొత్త మనుషుల మధ్య బెదురుతూ తిరుగుతుంది. లీష్ పట్టుకున్న మనిషికి క్షణం తీరిక ఉండదు.

కుక్క ఊరు చూసేది ముక్కుతో. ఒకే వీధిలో అరగంట నింపాదిగా వాసన చూసుకుంటూ నడిచిన కుక్క, అయిదారు చోట్లకు కారులో తిరిగొచ్చిన కుక్క కంటే తృప్తిగా పడుకుంటుంది. అందుకే నేను చెప్పే పద్ధతి చాలా చిన్నది. రోజుకు రెండు షికార్లు: ఒకటి తెల్లవారుజామున, ఒకటి సాయంత్రం. మధ్యలో పొడవాటి విశ్రాంతి. ఎదిగిన కుక్కలు రోజులో దాదాపు 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నిద్రపోతాయి. కొత్త చోట ఆ నిద్ర చెడితే చిరాకు, మొరుగుడు, అజీర్తి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దాని నిద్ర చెడకుండా చూసుకుంటే మన సెలవు కూడా చెడదు.

మొదటి అడుగు: ఈ ప్రయాణం దానికి సరిపోతుందా?

ముందుగా నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. టీకాల కోర్సు ఇంకా పూర్తికాని కుక్కపిల్లను కొత్త ఊరి వీధుల్లో, ఇసుకలో తిప్పడం మంచిది కాదు. పార్వో లాంటి వైరస్‌లు నేలలో నెలల తరబడి బతికే ఉంటాయి. ఎదలో ఉన్న ఆడకుక్కను తీసుకెళ్తే ఆ ఊరి మగకుక్కలన్నీ మీ వెంటే ఉంటాయి, ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు. కీళ్ల నొప్పులున్న ముసలి కుక్క రావచ్చు, అయితే మెత్తటి ఇసుకలో నడక దాని తుంటి మీద బాగా భారం వేస్తుందని గుర్తుంచుకోవాలి.

పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుక్క ఒంట్లో వేడి బయటికి పోవడానికి ప్రధానమైన దారి రొప్పడమే. చెమట పట్టేది పాదాల కింద కాస్తే. ఆ రొప్పే దారే ఇరుకుగా ఉన్న జాతులకు తీరప్రాంతపు ఉక్కపోత ప్రమాదకరం, ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువైనకొద్దీ రొప్పినా ఒళ్లు చల్లబడదు. ఇలాంటి కుక్క ఉన్నవాళ్లు చల్లటి నెలల్లోనే బయల్దేరడం మంచిది.

మీ కుక్క ఎప్పుడూ వేరే ఇంట్లో పడుకోలేదా? ముందు ఒక రాత్రి స్నేహితుల ఇంట్లో దానితో కలిసి ఉండి చూడండి. ఆ రాత్రి అది పడుకున్న తీరును బట్టి సగం విషయం తెలిసిపోతుంది.

రెండో అడుగు: ఊరు, బీచ్, గది

ఊరు ఎంచుకునేటప్పుడు దూరం మొదట చూడండి. వారాంతానికి ఒకవైపు మూడు, నాలుగు గంటల ప్రయాణం మించితే కుక్కకు సెలవంతా కారులోనే గడిచినట్టుంటుంది. పేరున్న పెద్ద బీచ్ కంటే, దానికి కాస్త ఎడంగా ఉండే పొడవాటి, చదునైన తీరం వెయ్యిరెట్లు నయం.

కుక్కల విషయంలో ప్రతి బీచ్‌కీ తన నియమాలు ఉంటాయి. కొన్నిచోట్ల అసలు అనుమతించరు, కొన్నిచోట్ల సీజన్‌లో మాత్రమే నిషేధం, ఇంకొన్నిచోట్ల పొద్దున, సాయంత్రం మాత్రమే అనుమతి. పక్షులు, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో తీరంలో కొంత భాగం పూర్తిగా మూసేస్తారు. స్థానిక సంస్థ వెబ్‌సైట్ చూసి, గది ఇచ్చేవాళ్లను కూడా అడిగి ఖాయం చేసుకోండి.

గది బుక్ చేసేటప్పుడు 'పెట్ ఫ్రెండ్లీ' అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టేయకండి. ఫోన్ చేసి మాట్లాడండి. మీ కుక్క జాతి, బరువు చెప్పండి. కొన్ని చోట్ల చిన్న కుక్కలకే అనుమతి ఉంటుంది. అదనపు ఛార్జీ ఎంత, గదిలో కుక్కను ఒంటరిగా వదలొచ్చా, ఆవరణలో వేరే కుక్కలు తిరుగుతాయా, రాత్రి దాన్ని బయటికి తీసుకెళ్లడానికి వెలుతురున్న చోటు ఉందా అని అడగండి. చెప్పిన జవాబులు మెసేజ్‌లో రాసి పంపమనండి. నా వరకు కింది అంతస్తు గది, బయట కాస్త మట్టి నేల, దగ్గర్లో పెళ్లిళ్ల హాలు లేకపోవడం, ఈ మూడూ సముద్రం కనిపించే కిటికీ కంటే ముఖ్యం. మెట్లు దిగే పని లేకుండా అర్ధరాత్రి రెండు నిమిషాల్లో బయటికి వెళ్లి రాగలిగితే ఆ నిద్ర హాయే వేరు.

మూడో అడుగు: వెట్ (పశువైద్యుడి) దగ్గరికి ఒకసారి

బయల్దేరడానికి కనీసం నాలుగు వారాల ముందు వెళ్లండి. అంత ముందు ఎందుకంటే, రేబిస్ టీకా మొదటిసారి వేయించినప్పుడు రక్షణ పూర్తిగా రావడానికి కొంత సమయం పడుతుంది. చాలా దేశాల ప్రయాణ నియమాలు 21 రోజుల గడువు పెట్టింది ఇందుకే. లెప్టోస్పైరోసిస్ (బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు), కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటు దగ్గు) టీకాలు ఏ దశలో ఉన్నాయో కూడా చూపించండి. నిలవ నీళ్లున్న చోట లెప్టో, నాలుగు కుక్కలు కలిసే చోట కెన్నెల్ కాఫ్ అంటుకునే అవకాశం ఎక్కువ.

తీరంలో దోమలు ఎక్కువ. దోమ కాటుతోనే గుండె పురుగులు కుక్కకు సోకుతాయి. నివారణ మందు ఇంతకుముందు వాడకపోతే ముందు రక్తపరీక్ష చేసి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. పిడుదులు, గోమార్లకు వాడే మందు వేళ దాటిందేమో కూడా చూసుకోండి.

కారులో వాంతి చేసుకునే కుక్క అయితే ఆ సంగతి వెట్‌కు చెప్పండి. మారోపిటాంట్ అనే మందు ప్రయాణపు వాంతులకు బాగా పనిచేస్తుంది, ప్రయాణానికి కాస్త ముందే ఇవ్వాలి, మోతాదు వెట్ రాస్తారు. ఇంట్లో మనకోసం ఉంచుకున్న మాత్రలు మాత్రం ఇవ్వొద్దు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలే కుక్క కాలేయాన్ని, మూత్రపిండాలను, కడుపును దెబ్బతీయగలవు.

కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, అది కుక్క ఎక్కడుందో చూపిస్తుందని. చూపించదు. స్కానర్ పెడితే 15 అంకెల నంబర్ కనిపిస్తుంది, ఆ నంబర్‌కు నమోదైన ఫోన్ మీదే అయితేనే ఉపయోగం. ఫోన్ నంబర్ మారి ఉంటే ఇప్పుడే మార్పించండి. కాలర్‌కు మీ నంబర్ ఉన్న బిళ్ల ఉండాల్సిందే. దారితప్పిన కుక్కను చూసినవాళ్లు ముందుగా చూసేది దాన్నే.

ఇంకో పని: వెళ్తున్న ఊళ్లో, దాని పక్క ఊళ్లో రాత్రి కూడా తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో కనుక్కుని నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. ప్రశాంతమైన చిన్న పట్టణాల్లో ఆదివారం వెట్ దొరకడం కష్టం.

నాలుగో అడుగు: సంచి

తిండి ఇంట్లో పెట్టేదే తీసుకెళ్లండి, ఒక రోజుకు సరిపడా ఎక్కువగా. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలు ఖాయం. నీళ్లు కూడా మొదటి రోజుకు ఇంటివే మంచివి. మామూలు రోజుల్లో కుక్క కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, బీచ్‌లో పరుగెత్తితే అంతకు చాలా ఎక్కువే కావాలి. 20 కిలోల కుక్కకు రోజుకు రెండు లీటర్లు దగ్గర ఉంచుకుంటే నిశ్చింత.

దాని పరుపు లేదా దుప్పటి ఉతక్కుండా తీసుకెళ్లండి. కొత్త గదిలో ఇంటి వాసన ఉన్న వస్తువు అదొక్కటే.

మిగతావి: మామూలు లీష్, అయిదు నుంచి పది మీటర్ల పొడవాటి లీష్, హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ), మలం తీయడానికి సంచులు, పాత తువ్వాళ్లు నాలుగైనా, మడిచే గిన్నెలు రెండు, టీకాల రికార్డు ఫోటో, వాడుతున్న మందులు, ట్వీజర్, గాజుగుడ్డ, సెలైన్, గొడుగు లేదా చిన్న టెంట్. ఈత కొట్టే కుక్కకు వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తప్పనిసరి అని నా అభిప్రాయం. పిడి పట్టుకుని ఒక్క లాగుతో పైకి తీయొచ్చు.

మనుషుల సన్‌స్క్రీన్ కుక్కకు రాయకండి. అది నాక్కుంటుంది, అందులోని జింక్ ఆక్సైడ్ కడుపులోకి పోతే హాని. ముక్కు, చెవుల చివర్లు లేత గులాబీ రంగులో ఉండే తెల్ల కుక్కలకు ఎండ కాల్తుంది కాబట్టి, కుక్కల కోసమే చేసిన క్రీమ్ వెట్‌ను అడిగి తీసుకోండి.

అయిదో అడుగు: దారిలో

బయల్దేరడానికి మూడు, నాలుగు గంటల ముందే తిండి పెట్టేయండి. నీళ్లు మాత్రం ఆపొద్దు. కారులో కుక్కను వదులుగా ఉంచకండి. వెనక సీట్లో సీట్‌బెల్ట్‌కు తగిలించే హార్నెస్ గానీ, కదలకుండా కట్టిన క్రేట్ (కుక్క బోను) గానీ ఉండాలి. ముందు సీటు పనికిరాదు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే కుక్క ప్రాణానికే ముప్పు. కిటికీలోంచి తల బయట పెట్టి గాలి పీల్చుకోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఎగిరొచ్చే చిన్న రాయి కంటికి తగిలితే అంతే. అద్దం ముక్కు పట్టేంత దించితే చాలు, వాసనలు దానికి అందుతాయి.

రెండు గంటలకోసారి ఆగండి. డోర్ తీసేముందే లీష్ తగిలించండి. ప్రయాణాల్లో కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఇలాంటి ఆగిన చోటే, డోర్ తెరిచిన ఆ ఒక్క క్షణంలోనే.

టీ తాగడానికి దిగి, అయిదు నిమిషాలే కదా అని దాన్ని కారులో వదలకండి. బయట 21 డిగ్రీల హాయైన వాతావరణం ఉన్నా, మూసిన కారు లోపల పది నిమిషాల్లో 30 డిగ్రీలు దాటుతుంది, అరగంటలో 40కి చేరుతుంది. అద్దం కాస్త దించినా పెద్ద తేడా రాదు. ఇద్దరుంటే ఒకరు టీకి, ఒకరు కుక్కతో. ఒక్కరే అయితే టీని కారు దగ్గరికే తెప్పించుకోండి.

ఆరో అడుగు: గదిలో మొదటి గంట

గదిలోకి వెళ్లకముందే బయట పది నిమిషాలు నడిపించి, మూత్రం పోసుకోనివ్వండి. లోపల గోడ మూలల్లో గుర్తులు పెట్టడం దీంతోనే చాలావరకు తగ్గుతుంది.

ఈలోగా ఒకరు లోపలికి వెళ్లి మంచాల కింద, సోఫా వెనక చూడాలి. బొద్దింకల మందు, ఎలుకల మందు, ఎవరో పడేసిన చాక్లెట్, చూయింగ్ గమ్ ఉండొచ్చు. చాలా గమ్‌లలో తీపికోసం వేసే జైలిటాల్ కొద్దిగా తిన్నా కుక్క రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. బాల్కనీ రెయిలింగ్ సందుల్లో దాని తల పడుతుందేమో చూడండి. చిన్న కుక్కలకు తల పడితే ఒళ్లు కూడా పడుతుంది.

తర్వాత లీష్‌తోనే గదంతా ఒక చుట్టు తిప్పండి. ప్రతి మూలనూ వాసన చూడనివ్వండి, తొందరపెట్టొద్దు. పరుపు గుమ్మానికి ఎదురుగా కాకుండా, మీ మంచం పక్కన ఒక మూలకు వేయండి. వచ్చేపోయేవాళ్ల అలికిడి గుమ్మం దగ్గరే ఎక్కువ కాబట్టి అక్కడ పడుకున్న కుక్క రాత్రంతా కాపలా కాస్తూనే ఉంటుంది. మొదటి రాత్రి దాన్ని గదిలో ఒంటరిగా వదిలి భోజనానికి వెళ్లకండి. తిండి గదికి తెప్పించుకుని, దాని పక్కనే కూర్చుని తినండి. ఆ మొదటి సాయంత్రం ఏమీ చేయకపోవడమే మంచి ప్లాన్.

ఏడో అడుగు: సముద్రం

ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. పోటు నుంచి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. నీళ్లు వెనక్కి తగ్గిన సమయంలో తడిసి గట్టిపడిన ఇసుక వెడల్పుగా బయటపడుతుంది. నడకకు అదే మేలు. కీళ్లకు భారం ఉండదు, పాదాలు కాలవు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది కాబట్టి కొండరాళ్ల మలుపు దాటి అవతలికి నడిస్తే తిరిగొచ్చే దారి మునిగిపోయే ప్రమాదం ఉంటుంది.

పొడి ఇసుక మీద మీ అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. బీచ్‌కు తీసుకెళ్లే తారు రోడ్డుకూ ఇదే పరీక్ష. చాలాసార్లు ఇసుక కంటే ఆ రోడ్డే ఎక్కువ కాలుతుంది.

మొదటిసారి కెరటాన్ని చూసే కుక్కను నేరుగా నీళ్ల దగ్గరికి లాక్కెళ్లకండి. దూరంగా పొడి ఇసుకలో కూర్చోండి. పొడవాటి లీష్‌ను హార్నెస్‌కు తగిలించండి, కాలర్‌కు వద్దు, పరుగెత్తి ఒక్కసారి ఆగితే మెడ పట్టేస్తుంది. తర్వాత దాని మానాన దాన్ని వదిలేయండి. మా టామీ మొదటిసారి చేసింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ముందు కాళ్లు రెండూ బిగబట్టి, ఒళ్లంతా వెనక్కి వంచి, ముక్కు మాత్రం ముందుకు చాచాడు. నురగ వేళ్లకు తగలగానే ఒక్క గెంతు వెనక్కి. మళ్లీ వచ్చాడు. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు వాటి వెంట నాలుగడుగులు వెళ్లడం, నీళ్లు తిరిగి రాగానే వెనక్కి పరుగెత్తుకు రావడం. ఎవరూ ఏమీ అనకపోతే భయం ఆటగా మారడానికి ఎక్కువసేపు పట్టదు. అదే సమయంలో ఎవరైనా ఎత్తుకెళ్లి నీళ్లలో దించితే ఆ కుక్కకు సముద్రమంటే ఎప్పటికీ బెదురే.

ఇక నీళ్ల విషయంలో నేను గట్టిగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాహం వేసిన కుక్కకు ఆ సంగతి తెలియదు, గబగబా తాగేస్తుంది. కొద్దిగా తాగితే పల్చటి విరేచనాలు, ఎక్కువ తాగితే వాంతులు, తూలుడు, చివరికి మూర్ఛ దాకా వెళ్తుంది. బంతి విసిరి నీళ్లలోంచి తెప్పించే ఆటలో, కరిచిపట్టిన ప్రతిసారీ కొంత నీరు లోపలికి పోతూనే ఉంటుంది. కాబట్టి 15 నిమిషాలకోసారి ఆట ఆపి నీడలోకి పిలిచి మంచినీళ్లు పట్టండి. తూలుతున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే వెట్ దగ్గరికి.

ఇసుక కూడా అంతే. తడి టెన్నిస్ బంతికి ఇసుక బాగా అంటుకుంటుంది, అది కడుపులోకి పోయి పేగుల్లో గడ్డకట్టగలదు. నున్నగా ఉండే రబ్బరు బొమ్మ, లేదా ఎగిరే పళ్లెం మేలు. ఇసుక తవ్వడం ఇష్టమైన కుక్కను తవ్వనివ్వండి, దానికి అదొక పండగ. నోట్లో వేసుకుంటుందేమో మాత్రం కనిపెట్టి ఉండండి.

ఒడ్డుకు కొట్టుకొచ్చినవన్నీ కుక్కకు విందు భోజనమే. మనకు అవే భయం. చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుంది. దాని తీగలు అంటుకుంటే రుద్దొద్దు, ఇసుక పోయొద్దు, మంచినీళ్లు కూడా పోయొద్దు, ఎందుకంటే మంచినీళ్లు తగిలితే తీగల్లో ఇంకా పేలని సన్నటి విషపు ముళ్లు కూడా పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, ట్వీజర్‌తో తీగలు తీసేయండి. మూతి, నాలుక వాస్తే ఆలస్యం చేయకుండా వెట్‌కు చూపించాలి. ఉబ్బిపోయే రకం చేప, పఫర్ ఫిష్, చచ్చి పడి ఉన్నా విషమే. అందులోని టెట్రోడోటాక్సిన్‌కు విరుగుడు లేదు. ఎండిన సముద్రపు నాచు కడుపులో తడిసి ఉబ్బుతుంది. చేపల గాలాలు ఇసుకలో పడి ఉంటాయి. గాలం మింగి, నోట్లోంచి గాలపు దారం వేలాడుతుంటే ఆ దారం లాగొద్దు, అలాగే వదిలి వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్ని జాగ్రత్తలకూ సులువైన మార్గం ఒకటే: 'వదిలేయ్' అన్న మాటకు నోట్లోది వదలడం ఇంట్లోనే నేర్పించి రావడం. బయల్దేరే ముందు రెండు వారాలు రోజూ అయిదు నిమిషాలు, ట్రీట్ ఇస్తూ నేర్పితే చాలామటుకు వస్తుంది.

కెరటాలు విరగకుండా, నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనిపించే సన్నటి పట్టీ ఒకటి తీరంలో అక్కడక్కడా ఉంటుంది. కుక్కను ఆడించడానికి ఇదే సురక్షితమైన చోటని అనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అది నీటిని లోపలికి లాక్కెళ్లే ప్రవాహం. అలాంటి చోట కుక్కను దింపకండి. ఎప్పుడైనా కుక్క లోపలికి కొట్టుకుపోతే, గుండె ఎంత కొట్టుకున్నా మీరు వెనకే దూకొద్దు. కుక్కను కాపాడబోయి మనుషులు మునిగిపోయి, కుక్క తనంతట తానే ఒడ్డుకు వచ్చిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. ఒడ్డు వెంబడి పక్కకు పరుగెత్తుతూ, ప్రవాహం లేని చోటు నుంచి దాన్ని పేరుపెట్టి పిలవండి, లైఫ్‌గార్డ్‌ను పిలవండి.

ఆ తీరం మనకంటే ముందు పక్షులది. ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టే చిన్న పక్షులను కుక్క తరిమిందంటే, గుడ్లు ఎండకు మాడేంతసేపు అవి తిరిగి రాకపోవచ్చు. తాబేళ్ల గూళ్లు తవ్వే కుక్కలూ ఉన్నాయి. గుడ్లు పెట్టే కాలంలో లీష్ విప్పొద్దు. లీష్ లేకుండా తిరగనిచ్చే బీచ్‌లో కూడా, ఎదురొచ్చేవాళ్ల కుక్క లీష్‌లో ఉంటే మీ కుక్కను పిలుచుకోండి. ఆ కుక్క భయస్తురాలు కావచ్చు, జబ్బుగా ఉండొచ్చు. మలం ఇసుకలో పూడ్చి వెళ్లిపోవడం చాలాచోట్ల చూస్తాం. పోటు వచ్చి అదంతా నీళ్లలో కలుస్తుంది. సంచిలోకి ఎత్తి వెంట తీసుకెళ్లండి.

మొదటిసారి బీచ్‌లో అరగంట, రెండోసారి గంట. సరదాగా ఉన్నప్పుడే ఇంటిదారి పట్టాలి, అలిసి కూలబడే దాకా ఆగొద్దు.

ఎనిమిదో అడుగు: కడగడం, ఆరబెట్టడం

ఉప్పు, ఇసుక చర్మం మీద ఆరిపోతే దురద మొదలవుతుంది, అది గోక్కుని పుండు చేసుకుంటుంది. గదికి చేరగానే మంచినీళ్లతో కడగండి, షాంపూ అక్కర్లేదు. వేళ్ల మధ్య, చంకల్లో, పొట్ట కింద చేత్తో తడిమి చూడండి. వేళ్ల సందుల్లో ఇరుక్కున్న ఇసుక రేణువులు, గుండుసూది మొనంత గవ్వ ముక్కలు చేతికే తెలుస్తాయి, కంటికి కనబడవు. చెవులు వేలాడే జాతులకు చెవి లోపలి తడి ఆరకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. మెత్తటి గుడ్డతో కనిపించినంత మేర తుడవండి, ఇయర్‌బడ్ లోపలికి పెట్టొద్దు.

తిండి పెట్టేది ఒళ్లు ఆరి, రొప్పు పూర్తిగా తగ్గాకే. ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులకు కడుపు నిండా తిని పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. వాంతి వచ్చినట్టు చేస్తూ ఏమీ రాకపోవడం, పొట్ట డోలులా బిగుసుకోవడం దాని గుర్తులు. అప్పుడు గంటలు కాదు, నిమిషాలే లెక్క.

తొమ్మిదో అడుగు: మధ్యాహ్నం మీది, సాయంత్రం ఊరిది

పదింటి నుంచి నాలుగింటి దాకా గదిలోనే. ఫ్యాన్ వేసి, తెరలు దించి, అది పడుకుంటే మీరూ పడుకోండి. చదవాలని ఎన్నాళ్లుగానో పక్కన పెట్టిన పుస్తకం తీయండి. అది నిద్రలేచి తిరగడం మొదలుపెడితే బొమ్మలో దాని తిండి కాస్త కూరి ఇవ్వండి. నాకడం, నమలడం దాన్ని శాంతపరుస్తాయి.

సాయంత్రం ఎండ దిగాక పాత వీధుల్లోకి, రేవు వైపుకు వెళ్లండి. ఇక్కడ దారి కుక్కది. అది ఏ సందులోకి తిరిగితే అటు, ఏ స్తంభం దగ్గర ఆగితే అక్కడ. వలలు ఆరేసిన చోట వాసనలకు అది పిచ్చెక్కిపోతుంది. లీష్ మాత్రం పొట్టిగా పట్టుకోండి, అక్కడే గాలాలు, చేప ముళ్లు. బయట కూర్చుని తినే హోటల్ ఉంటే గోడవారగా ఉన్న టేబుల్ తీసుకుని, దుప్పటి పరిచి, కుక్కను గోడకూ మీకూ మధ్య పడుకోబెట్టండి. నడిచేవాళ్ల కాళ్లు తగలకపోతే గంటసేపైనా కదలకుండా ఉంటుంది. వీధికుక్కలు గుంపుగా ఎదురైతే పరుగెత్తకండి. మీ కుక్కను అవతలి పక్కకు తీసుకుని, తిరిగి వచ్చిన దారినే నెమ్మదిగా నడవండి.

వడదెబ్బ తగిలితే

ఇది వేరుగా రాస్తున్నాను, ఎందుకంటే వెతుక్కునే సమయం ఉండదు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. ఆగని రొప్పు, చిక్కటి జొల్లు, ముదురు ఎరుపు చిగుళ్లు, తూలుతూ నడవడం, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే అనుమానం అక్కర్లేదు.

ముందు చల్లబరచండి, తర్వాతే ప్రయాణం. నీడకు తెచ్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి, ఫ్యాన్ గానీ అట్టముక్క గానీ పెట్టి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా తాగనివ్వండి, నోట్లో బలవంతంగా పోయొద్దు. ఒకరు నీళ్లు పోస్తుండగా ఇంకొకరు వెట్‌కు ఫోన్ చేయాలి. కాస్త తేరుకున్నా వదిలేయకుండా చూపించి తీరాలి. లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు.

ఆఖరి అడుగు: తిరుగు ప్రయాణం, ఆ తర్వాతి మూడు రోజులు

ఆదివారం పొద్దున ఒక చిన్న నడకతో సరిపెట్టి, ట్రాఫిక్ పెరగకముందే బయల్దేరండి. ఇంటికి వెళ్లాక సామాను సర్దడానికి ముందు వెలుతురులో కూర్చుని దాన్ని తల నుంచి తోక దాకా తడమండి. పిడుదులు ఎక్కువగా చెవుల లోపల, కాలర్ కింద, తొడల మధ్య, వేళ్ల సందుల్లో పడతాయి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి, మెలిపెట్టొద్దు, నూనె పోయొద్దు. పాదాల అడుగున పగుళ్లు ఉంటే రెండు రోజులు గట్టి రోడ్ల మీద నడక తగ్గించండి.

మర్నాడు అది రోజంతా పడుకున్నా కంగారు పడొద్దు. మలం కాస్త మెత్తగా రావడం కూడా మామూలే. రెండు రోజులు దాటినా ఆగకపోయినా, రక్తం పడినా, వాంతులతో పాటు తిండి మానేసినా వెట్‌కు చూపించండి, 'బీచ్‌కు వెళ్లొచ్చాం' అని మర్చిపోకుండా చెప్పండి. ఉప్పునీళ్లా, ఇసుకా, తిన్న చేపా అన్నది ఆ ఒక్క మాటతోనే వాళ్లు వెతకడం మొదలుపెడతారు.

ఎక్కువసేపు ఈత కొట్టిన కుక్కకు మర్నాడు పొద్దున తోక చచ్చుబడినట్టు వేలాడటం చూసి చాలామంది విరిగిపోయిందని హడలిపోతారు. తోక మొదట్లోని కండరాలు అలిసిపోవడం వల్ల వచ్చేదే అది, ఈతను ఇష్టపడే జాతుల్లో తరచూ కనిపిస్తుంది. కూర్చోవడానికి ఇబ్బంది పడుతుంది, తోక మొదలు ముట్టుకుంటే మూలుగుతుంది. విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో తోక మళ్లీ ఊపుతుంది. నొప్పి ఎక్కువగా ఉందనిపించినా, వారం దాటినా తోక లేవకపోయినా చూపించండి. వచ్చేసారి ఈతను సగానికి తగ్గించండి.